రూపాయి బిళ్ళంత గోకుడు

వరద ముందస్తు హెచ్చరికల విభాగం వారి పదమూడో నెంబరు బండి ఊళ్ళోకి వస్తోందంటే లంక జనం తలుపులు వేసుకునేవారు. అందులో వాళ్ళ తప్పేమీ లేదు. బండి నెత్తిన నాలుగు లౌడ్‌స్పీకర్లు, వెనక అరలో కొత్త ఆంప్లిఫయరు, ముందు సీట్లో మైకు పట్టుకుని డ్రైవరు బళ్ళ ఏడుకొండలు, అన్నీ సక్రమంగానే ఉండేవి. ఏడుకొండలు బండి నడుపుతూ "గోదావరి పెరుగుతోంది, గట్టు మీదికి రండి" అని గొంతు చించుకుంటే బయటికి మాత్రం కుయ్యిమని ఒక కూత వచ్చేది. యాక్సిలరేటరు తొక్కిన కొద్దీ ఆ కూత సన్నబడి పైకి పోయేది. పంచాయతీ వాళ్ళ దోమల పొగ మిషను కూడా సరిగ్గా అలాగే కూస్తుంది. అందుకని జనం కిటికీలు బిగించుకుని, అన్నం గిన్నెల మీద మూతలు పెట్టుకుని, పొగ పోయేదాకా ఇళ్ళల్లో కూర్చునేవారు.

కిందటేడు శ్రావణంలో అలా కూర్చుని ఉండగానే గోదావరి వాళ్ళ గుమ్మాల్లోకి వచ్చింది. చినబొండాలంకలో పన్నెండు గేదెలు కొట్టుకుపోయాయి. వాటిలో రెండు ఏడుకొండలువే. అతని అత్తగారు అచ్చియ్యమ్మ పశువుల పాక కప్పు మీద ఒక కోడిపెట్టతో కలిసి ఒకటిన్నర రోజు గడిపింది. పడవ వాళ్ళు వచ్చి దింపాక ఆవిడ అల్లుణ్ణి ఒక్క మాటా అనలేదు. అనవలసినవన్నీ కూతురు మంగాయమ్మ అంది. ఊరందరికీ వరద కబురు చెప్పే ఉద్యోగం చేస్తూ కట్టుకున్న పెళ్ళానికి చెప్పలేకపోయిన మగాడు ఈ జిల్లా మొత్తంలో తన మొగుడొక్కడేనని, ఏడాది పొడుగునా, వచ్చిన చుట్టానికల్లా చెప్పింది.

ఈసారి వానలు పడే లోపల బండికి గొంతు తెప్పించాలని ఏడుకొండలు ఒట్టు పెట్టుకున్నాడు. జ్యేష్ఠమాసం ఎండల్లోనే బండిని అబ్బులు దుకాణానికి తోలాడు. అబ్బులు కార్లకి పాటల పెట్టెలు బిగించేవాడు. చదివింది ఎనిమిదే గానీ, బండిలో ఏ వైరు ఎక్కడ అలిగిందో వాసన పట్టి చెప్పగలడు. వెనక అర తెరిచి, ఆంప్లిఫయరు నుంచి బయల్దేరిన నల్ల వైరును వేలితో రాసుకుంటూ బండి ముందు దాకా వెళ్ళి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"బావా, దీనికి ఎర్త్ అందట్లేదు, అందుకే ఇంజను కూతంతా స్పీకర్లలోకి ఎక్కేత్తంది. ఈ నల్ల వైరు చూడు, ఎనిమిదడుగులు పాకించుకెళ్ళి రంగు మీద బోల్టేశాడు మహానుభావుడు. రంగు మీదేటి ఎర్తు, ఇనుం తగలాలి గదా. ఇదిగో, ఈ పక్కనే రూపాయి బిళ్ళంత గోకి, ఇనుం తళతళలాడాక అడుగున్నర వైరుతో బిగించేద్దాం. పైన కాస్త గ్రీజు రాసేత్తే తుప్పట్టదు. నువ్వు టీ తాగొచ్చే లోపు అయిపోద్ది."

అంటూనే గరుకు కాగితం తీశాడు. ఏడుకొండలు అతని చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు.

విభాగంలో నలభై రెండో ఉత్తర్వు అని ఒకటి ఉంది. ప్రభుత్వ వాహనముల రంగును గీకుట, గోకుట, రాచుట, పొరలు తీయుట నిషేధమని దాని సారాంశం. పూర్వం ఎవరో గుమస్తా ఆఫీసు జీపు తలుపు మీద మేకుతో తన పేరూ, టైపిస్టు పేరూ చెక్కి మధ్యలో బాణం వేశాడట. టైపిస్టు వేరే ఆయన్ని చేసుకుని, పిల్లల్ని కని, పదవీ విరమణ కూడా చేసింది. బాణం మాత్రం చెక్కుచెదరలేదు. అప్పటినుంచీ రోజూ సాయంత్రం వాహనాల గుమస్తా ఫొటోల పుస్తకం పట్టుకుని వచ్చి, బండి ఒంటిమీద కొత్త గీతలేమైనా పడ్డాయేమోనని చూసి వెళ్ళడం ఆనవాయితీ అయింది. ఏడుకొండలుకి ముందున్న డ్రైవరు గోనెసంచీ దించుతూ జానెడు గీత పడేశాడు. కాంట్రాక్టు మనిషి కావడంతో ఒక్క ఫోనుతో అతని ఉద్యోగం పోయింది.

కాబట్టి ఏడుకొండలు అర్జీ పెట్టుకున్నాడు. ఉపసంచాలకులు పరాంకుశరావు గారు అర్జీని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన మంచివారే. కాకపోతే ఏ మాట అన్నా పక్కనెవరో రాసుకుంటున్నట్టు అనేవారు.

"సమస్య చిన్నదే కావచ్చునయ్యా. కానీ చిన్న సమస్యకు చిన్న పరిష్కారం చూపే సంస్కృతి మన విభాగానికి లేదు."

వారం తిరక్కుండా, ఎర్త్ ఎక్కడ తగిలించాలో తేల్చడానికి 'భూసంధాన బిందు నిర్ణయ సంఘం' ఏర్పాటైంది. అధ్యక్షులు పరాంకుశరావు గారే. ప్రచార శాఖ, గిడ్డంగుల శాఖ, వాహనాల శాఖల నుంచి తలా ఒక సభ్యుడు. ఈ ముగ్గురూ ఒకే వరండాలో పక్కపక్క గదుల్లో కూర్చునేవారు, ఉత్తరాలు మాత్రం తపాలాలో రాసుకునేవారు.

మొదటి సమావేశంలోనే పెద్ద చిక్కు వచ్చిపడింది. రిజిస్టర్లు తిరగేస్తే ఆంప్లిఫయరు ప్రచార శాఖదని తేలింది. అది కూర్చున్న వెనక అర, బియ్యం బస్తాలు మోస్తుంది కనక, గిడ్డంగుల శాఖది. అడుగునున్న ఇనుప చట్రం వాహనాల శాఖది. అంటే ప్రచార శాఖ కరెంటు గిడ్డంగుల శాఖ నేలగుండా వాహనాల శాఖ ఇనుములోకి దిగాలన్న మాట. మా నేలలోకి మీ కరెంటు వచ్చాక దాని బాగోగులు ఎవరు చూస్తారని గిడ్డంగుల సభ్యుడు నిలదీశాడు. వచ్చిన కరెంటును ఎన్నాళ్ళు ఉంచుకోవాలో వాహనాల సభ్యుడు రాతపూర్వకంగా చెప్పమన్నాడు. బయట నిలబడి ఉన్న అబ్బులు కిటికీలోంచి తల పెట్టి, ఇదంతా ఎందుకు, వైరు తిన్నగా బ్యాటరీ దాకా లాగేద్దాం అన్నాడు. దారిలో మూడు సరిహద్దులు దాటాలి కనక అది మరింత తీవ్రమైన విషయమని సంఘం అభిప్రాయపడింది. ఆ సాయంత్రమే బండి లోపల సుద్దముక్కతో మూడు శాఖల హద్దులూ గీశారు. మర్నాటినుంచి ఏడుకొండలు వెనకనున్న చీపురు తీసుకోవాలన్నా ఇద్దరి సంతకాలు కావలసి వచ్చాయి.

రెండో సమావేశం నాటికి ఉత్సాహానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి. బిందువును చాటుగా నిర్ణయిస్తే రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారని, బండిలో పద్నాలుగు చోట్ల నెంబర్ల చీటీలు అంటించి ప్రజాభిప్రాయం కోరారు. కోరుతున్న ప్రకటనను బండి లోపలే అతికించి, బండికి తాళం వేశారు. అయినా ఒక అభ్యంతరం అందింది. తొమ్మిదో బిందువు దగ్గర కూర్చుని తాను ఆరేళ్ళుగా అన్నం తింటున్నానని, దాని జోలికి రావద్దని కాపలాదారు కోరాడు. అతని హక్కును సంఘం గౌరవించింది. అసలు బిందువు ఈశాన్యంలో ఉంటే శ్రేష్ఠమని ప్రచార సభ్యుడు అన్నప్పుడు మాత్రం కొంత ఆలస్యమైంది. బండి తిరిగినప్పుడల్లా ఈశాన్యం మారిపోతోంది. నిర్ణయం అయ్యేదాకా బండిని గోడ వైపే నిలిపి ఉంచమన్నారు. పదకొండు రోజులు బండి గోడను చూస్తూ నిలబడింది.

మూడో సమావేశానికి అబ్బుల్ని సాంకేతిక నిపుణుడి హోదాలో పిలిచారు. ఇంతవరకు ఎన్ని బళ్ళకి ఇలాంటి పని చేశావని అడిగారు. లెక్క పెట్టలేదండి అన్నాడు అబ్బులు. లెక్క లేనందున సున్నా అని రాసుకున్నారు. ఏ బిందువైతే బాగుంటుందని అడిగితే, ఆంప్లిఫయరు పక్కనే ఉన్న ఆరో నెంబరు చూపించి, వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిదని చెప్పాడు. అతని అభిప్రాయాన్ని ఫైలులో పెట్టారు, అంటే పక్కన పెట్టారు.

అయితే అదృష్టం ఏడుకొండలు వైపే ఉంది. మిగతా పదమూడు బిందువులకూ ఎవరో ఒకరు అడ్డం పడ్డారు. ఆరో బిందువు ఎవరిదో తేల్చవలసిన రిజిస్టరు పేజీని చెదలు తినేశాయి. ఎవరిదీ కానందున ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. ఆరో బిందువు ఏకగ్రీవంగా నెగ్గింది. ఏడుకొండలు ఇంటికి వెళ్ళి మంగాయమ్మతో, ఈ ఏడు నా మాట వింటావే అన్నాడు. ఆవిడ చూద్దాం అంది.

ఉత్తర్వు చేతికి వచ్చేసరికి ఆషాఢం వెళ్ళిపోయి గోదావరిలో ఎర్రనీరు దిగుతోంది. ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. బండి మీద పూలదండ వేశారు. వాహనాల గుమస్తా స్కేలు పట్టుకుని, గోకుడు రూపాయి బిళ్ళ దాటకుండా కాపలా కాస్తుండగా, అబ్బులు గరుకు కాగితంతో రుద్దాడు. రాలిన రంగు పొడిని కవరులో వేసి సీలు వేశారు. కాసేపటికి రంగు కింద నుంచి ఇనుము తెల్లగా, శుభ్రంగా బయటపడింది. ఏడుకొండలుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్ని నెలలుగా తను అడిగింది ఆ కాస్త ఇనుమునే.

అబ్బులు వైరు కొసను దాని మీద పెట్టబోతుంటే పరాంకుశరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. వెనకనుంచి రంగు డబ్బా, కుంచె పట్టుకుని పెయింటరు ముందుకొచ్చాడు. పరాంకుశరావు గారు ఉత్తర్వులోని ఏడో షరతు పైకి చదివారు. గోకిన భాగమును తక్షణమే, తదుపరి ఏ పనియు చేపట్టుటకు ముందే, మూలవర్ణముతో యథాస్థితికి తేవలెను.

అబ్బులు వినయంగానే చెప్పాడు. "ముందు బోల్టేసి తర్వాత రంగేసుకుందారండి. పైన మీరు బిందెడు పూసినా నాకేం ఇబ్బంది లేదు. బోల్టు కింద మాత్రం ఉండకూడదండి."

"బోల్టు బిగించడం పనే కదా?"

"పనేనండి."

"'ఏ పనియు చేపట్టుటకు ముందే' అని ఉంది. నేను చదవడమే గానీ నేను రాయలేదు."

నిజానికి రాసింది ఆయనే. కానీ ఉత్తర్వు మీద సంతకం పడ్డాక దానితో ఆయనకి చుట్టరికం ఉండదు. పెయింటరు రెండు పూతలు వేశాడు. తొందరగా ఆరడానికి ఫ్యాను పెట్టారు. ఆరాక అబ్బులు, జీవితంలో మొదటిసారి తప్పని తెలిసి తెలిసి, రంగు మీద బోల్టు బిగించాడు. ఏడుకొండలు చేతులు నలుపుకుంటూ, ఇప్పుడు కూడా రంగు మీదే ఉంది కదండీ అన్నాడు. ఇదివరకు ఉన్నది వట్టి రంగు మీదనీ, ఇప్పుడున్నది ఆమోదిత బిందువు మీదనీ పరాంకుశరావు గారు ఓపిగ్గా వివరించారు.

తర్వాత ధ్వని పరీక్ష. ఏడుకొండలు ఇంజను వేశాడు. ఉపసంచాలకుల వారు మైకు అందుకుని నోరు తెరవబోతే ఇంజను మోత చిరాకు పెట్టింది. ఇంజను ఆపవయ్యా, పరీక్ష సక్రమంగా జరగనీ, అన్నారు. ఆపాడు. ఆయన మాట్లాడారు. నాలుగు స్పీకర్లలోంచీ ఆయన గొంతు ఖంగుమని బస్టాండు దాకా పోయింది. బస్సుల కోసం నిలబడ్డవాళ్ళు ఎవరు చచ్చిపోయారోనని తిరిగి చూశారు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడికక్కడే ధ్రువపత్రం రాశారు.

ఇంజను వేసి కూడా ఒకసారి చూడండి బాబూ అని ఏడుకొండలు బతిమాలాడు. ఇంజను వాహనాల శాఖదనీ, నేటి పరీక్ష ప్రచార శాఖదనీ సమాధానం వచ్చింది.

మంగాయమ్మకి ఏం మొహం చూపించాలన్న దిగులుతో ఏడుకొండలు బండి ఎక్కాడు. కానీ చెవుల్లో ఆ ఖంగుమన్న గొంతే తిరుగుతోంది. ఈ బండి మనిషిలా మాట్లాడగా వినడం అతనికి అదే మొదలు. నడుస్తూ ప్రకటించవలెను అని రూలు ఉండబట్టి, ఆగి మాట్లాడి చూడాలని ఇన్నాళ్ళూ తోచలేదు.

ఎనిమిదో రోజున రెండో ప్రమాద హెచ్చరిక వచ్చింది. మధ్యాహ్నానికి లంక దారి మునుగుతుందన్నారు. ఏడుకొండలు తెల్లవారుతూనే చినబొండాలంకలో దిగాడు. బండి కుయ్యిమంటూ వీధి మొదట్లోకి వచ్చిందో లేదో, ఠపాఠపా తలుపులు పడ్డాయి. అందరికంటే ముందు పడింది అతని అత్తగారి తలుపే.

ఏడుకొండలు తన ఇంటి ముందు బండి ఆపాడు. ఇంజను కట్టేశాడు. మైకు నోటికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"మంగా, తలుపు తియ్యి. నేనే, ఏడుకొండల్ని. గోదారి వచ్చేత్తంది."

తలుపు తెరుచుకుంది. మంగాయమ్మ గుమ్మంలో నిలబడి, బండి కేసీ మొగుడి కేసీ మార్చి మార్చి చూసింది. అతను గబగబా విషయం చెప్పాడు. ఇంజను వేస్తే మాట పోతుంది, ఆపితే బండి కదలదు, వీధి చూస్తే మైలున్నర. తొయ్యాలి. ఆవిడ ఇంకేమీ అడగలేదు. కొంగు బిగించి బండి వెనక్కి వెళ్ళింది. అచ్చియ్యమ్మ కూడా వచ్చి ఒక చెయ్యి వేసింది. బండి కదిలింది. కదిలాక మంగాయమ్మ నోరు కూడా కదిలింది. మైకు తెరిచే ఉంది. వెనక అద్దం లేని కిటికీలోంచి ఆవిడ మాటలన్నీ తిన్నగా అందులో పడ్డాయి.

"కిందటేడు ఈ నోరేమైపోయిందయ్యా? బంగారంలాంటి గేదెలు పోయినాయి. మాయమ్మ కోడిపెట్టతో కాపురం చేసింది. ఇప్పుడు నాచేత బండి తోయిత్తావా?"

లంక మొత్తానికి స్పష్టంగా వినిపించింది. వరద కోసం తెరవని తలుపులు మొగుడూ పెళ్ళాల తగువు కోసం ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. తగువు వినడానికి వచ్చినవాళ్ళు దాని మధ్యలో గోదావరి కబురు కూడా విన్నారు. ఇంటికొకరు సామాన్లు సర్దారు, ఇంటికొకరు వచ్చి బండికి చెయ్యి వేశారు. వీధి చివరికి వచ్చేసరికి తోసేవాళ్ళు నలభై మంది అయ్యారు. మంగాయమ్మకి తొయ్యాల్సిన పని లేకపోయినా తిట్టడం మానలేదు. మానొద్దని చుట్టుపక్కల వాళ్ళే చెప్పారు.

మధ్యాహ్నం ఒంటిగంటకు లంక దారి మునిగింది. అప్పటికి మనుషులు, గేదెలు, మేకలు, కోళ్ళు, పదమూడో నెంబరు బండి, అన్నీ గట్టు మీద ఉన్నాయి. ఒక్క ప్రాణం పోలేదు. ఏడుకొండలు గట్టు మీద కూలబడి అందరి ముందూ భోరున ఏడ్చాడు. సంతోషం పట్టలేక ఏడ్చాడు. మంగాయమ్మ పక్కన కూర్చుని, సర్లే ఊరుకో, వినపడింది అంది.

వరద తీశాక విభాగం నివేదిక వెలువడింది. చినబొండాలంక విజయానికి కారణం ఆమోదిత ఆరో బిందువేనని అందులో రాశారు. పదమూడో నెంబరును నమూనా వాహనంగా ప్రకటించి, ఎవరూ ముట్టుకోకుండా ఆ బోల్టు మీద లక్క ముద్ర వేశారు. ఇక మిగిలిన పన్నెండు బళ్ళు. వాటిని తనిఖీ చేయగా, ఎప్పుడో ఎవడో ఫిట్టరు అనుమతి లేకుండా రంగు గోకి, వట్టి ఇనుము మీద బోల్టులు బిగించేసినట్టు బయటపడింది. ఆ పన్నెండూ మొదటినుంచీ బాగానే పలుకుతున్నాయి. అయినా పద్ధతి ప్రకారం లేవు కనక, బోల్టులు విప్పి, అడుగున రంగు పూసి, తిరిగి బిగించమని ఉత్తర్వు వచ్చింది. ఆ పనికి అనుభవజ్ఞుడిగా ఏడుకొండల్ని నియమించారు. పరాంకుశరావు గారు అతనికి శాలువా కప్పి, రంగు డబ్బా చేతికిచ్చి, ఫొటో దిగారు.

ఏడుకొండలు, అబ్బులు కలిసి ముందుగా ఒకటో నెంబరు బండి దగ్గరికి వెళ్ళారు. దాని డ్రైవరు దానయ్య పెద్దాపురం పెద్దమనిషి. వెనక అర తెరిచి చూపించాడు. పొట్టి నల్ల వైరు, బోల్టు కింద శుభ్రమైన ఇనుము, పైన కాస్త గ్రీజు. అబ్బులు దాన్ని చూసి దణ్ణం పెట్టినంత పని చేశాడు. పానా చేతిలో ఉంది గానీ చెయ్యి ముందుకు రాలేదు.

"పానా జేబులో పెట్టెయ్యరా" అన్నాడు ఏడుకొండలు. డబ్బాలో కుంచె ముంచి, బోల్టు విప్పకుండానే దాని నెత్తిన రెండు పూతలు దట్టంగా పూశాడు. ఫొటో తీశాడు. కాగితం మీద, రంగు పూయడమైనది అని రాసి దానయ్య చేత సంతకం చేయించాడు. మిగతా పదకొండు చోట్లా ఇంతేనని అబ్బులుతో చెప్పాడు.

దానయ్య ఇంజను వేసి, మైకులో ఒకటి రెండు మూడు అన్నాడు. గొంతు ఎప్పటిలాగే గలగలమంది. ఆయన కిందికి దిగి, ఏడుకొండలు శాలువా వంక గౌరవంగా చూస్తూ, మీ నమూనా బండిక్కూడా ఇలాగే పైన పూశారా అని అడిగాడు.

"లేదండి. మాకు కింద పూశారు."

"కింద పూత్తే మాట రాదు గదయ్యా. మరి లంకంతా ఎలా ఇనపడింది?"

ఏడుకొండలు కుంచెను డబ్బా అంచుకి తుడిచి మూత పెట్టాడు.

"తోశామండి" అన్నాడు. "మళ్ళీ వత్తే మళ్ళీ తోత్తాం."